పాత భవంతి రిపేరు: మేస్త్రీ పనికి 5లో 4, తేదీలకి 5లో 1

నల్లగొండ జిల్లా నకిరేకల్ వైపు పాత ఇల్లు ఉండి, కూలగొట్టాలా బాగుచేయించాలా అని కొట్టుమిట్టాడుతున్న వాళ్ళ కోసం రాస్తున్నా. మేస్త్రీ పేరూ ఫోన్ నంబరూ ఇక్కడ పెట్టను, అక్కడ సున్నం, పెంకులు అమ్మే దుకాణాల్లో "పాత ఇళ్ళ మేస్త్రీ" అని అడిగితే చాలు.

మాది తాత కట్టించిన మట్టిగోడల భవంతి. మధ్యలో వాకిలి, చుట్టూ అర్రలు, ముందు వైపు బెంగుళూరు పెంకు, వెనక గూనపెంకు. నాన్న పోయాక తాళం వేశాం. తాళం వేసిన పెంకుటింటిని వానకంటే ముందు కోతులు తినేస్తాయి, ఇది మన జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పెంకులు లేపి విసిరేశాయి, ఆ కంతల్లోంచి నీళ్ళు దిగి దేవుని అర్రలో ఒక వాసం చెదలు పట్టింది. హైదరాబాద్ నుంచి తీసుకెళ్ళిన కాంట్రాక్టర్ లోపలికి కూడా రాకుండా వాకిట్లో నిలబడే "సార్, పడగొట్టి స్లాబ్ వేసుకోండి" అన్నాడు.

ఈ మేస్త్రీ అలా కాదు. వచ్చిన రోజు తాపీ తిరగేసి పట్టుకుని, దాని పిడితో గోడలన్నీ మూర మూరకి కొట్టుకుంటూ తిరిగాడు. డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దముక్కతో గుండ్రంగా గీసుకున్నాడు. అంతా అయ్యాక "గోడలు మంచిగనే ఉన్నయన్నా, పైపూతే పోయింది, అదిగూడ ఎవరో సిమెంటు పూసి కరాబ్ చేసిన్రు" అన్నాడు. నిజమే, నాన్న చివరి రోజుల్లో బయటి గోడకి సిమెంటు పూయించాడు. మట్టి, సున్నం గోడల మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అదంతా గీకించి మళ్ళీ సున్నమే పూశాడు. సున్నం నానబెట్టి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి పూసిన గోడ చేత్తో తడిమితే ఇప్పుడు అద్దంలా ఉంది. కొన్నాళ్ళు చీమలు పట్టాయి, ఆ సంగతి ముందే చెప్పి ఉంటే మా ఆవిడతో నాకు తిట్లు తప్పేవి. పైకప్పు మీద ఇనుప జాలీ బిగించాడు, కోతులు ఇప్పుడు దాని మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి కానీ పెంకు ఊడబీకలేకపోతున్నాయి.

గుత్తకి ఒప్పుకోడు, రోజుకూలీ లెక్కే. ఖర్చు ఎక్కడ ఆగుతుందో తెలియక టెన్షన్ ఉంటుంది, అది మీరు తట్టుకోవాలి. బాత్రూం టైల్స్, కరెంటు, ప్లంబింగ్ మాత్రం ఆయనకి అస్సలు ఇవ్వకండి. చేస్తానంటాడు, చేస్తాడు కూడా, తర్వాత మళ్ళీ ఇంకొకరితో చేయించుకోవాలి.

ఇక అసలు సంగతి. ఊళ్ళో ఉండాలా వద్దా అని నేను ఇన్నేళ్ళు వెనకాడింది గోడల వల్ల కాదు. మాది సీపీఎం ఇల్లు. 2009 డిసెంబర్ 9 తెలంగాణ ప్రకటన నుంచి 2014 జూన్ 2 దాకా భాషా ప్రాతిపదిక రాష్ట్రం చీలకూడదన్న పార్టీ మాటే నా మాట కూడా. అది బయటికే అన్నాను. నల్లగొండ జిల్లాలో, అప్పటి వేడిలో, ఆ మాట అంటే ఏమవుతుందో మీకు తెలుసు. సొంత చిన్నాయన కొడుకు ఒక పెళ్ళిలో నా పక్కన బంతిలో కూర్చోలేదు. ఊళ్ళో సగం మందికి నేను ఆంధ్రోళ్ళ మనిషిని. దీనికి తోడు ఈ మేస్త్రీ తెలంగాణ కోసం జరిగిన 2011 సకలజనుల సమ్మెలో 42 రోజులూ రోడ్డు మీదే ఉన్న మనిషి, ఈ ముక్క మొదటి రోజే చెప్పాడు, అడ్వాన్స్ తీసుకున్నాక.

పని జరిగినన్నాళ్ళూ వాదనే. ఆయనకి చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్ళ వల్ల మెడ పూర్తిగా తిరగదు, పెంకుల వరస సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే ఒళ్ళంతా తిప్పి చూస్తాడు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే ఫ్లోరైడ్ నీళ్ళు తాగకూడదంటారు, మన బోర్లలో చాలావాటి సంగతి తెలిసిందే కదా. నిచ్చెన మీద నుంచే "తెలంగాణ వచ్చినంక మా ఇంటికి నల్లా నీళ్ళొచ్చినయ్, మీ పార్టీ ఏం తెచ్చింది చెప్పు" అంటాడు. నేను 1996 గుర్తు చేస్తా. ఈ నీళ్ళ గోస దేశానికి వినపడాలని నల్లగొండ లోక్‌సభకి రైతులు వందల్లో నామినేషన్లు వేశారు, మొత్తం 480 మంది అభ్యర్థులు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, గెలిచింది సీపీఐ ధర్మభిక్షం. ఆ తర్వాతే డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచారు. నీళ్ళ పోరాటం రాష్ట్రంతో పుట్టలేదని నేనంటే, "నేను గూడ ఎయ్యాల్సిందే నామినేషన్, గా ఐదువందలు దొరకలే" అని సున్నం బకెట్ పైకి అందుకున్నాడు. మన జిల్లాకి కృష్ణా నీళ్ళు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం ఒక్క దాని దగ్గరే ఇద్దరం ఒక మాట మీద ఉన్నాం. 2025 ఫిబ్రవరి 22న అది కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయిన రోజు నుంచి ఏ పార్టీ వాడు దాని గురించి ఊరిస్తూ మాట్లాడినా ఆయనకి కోపం, నాకూ కోపమే.

రోడ్డు వైపు గోడ గీకుతుంటే పాత పార్టీ గుర్తులు పొరలు పొరలుగా బయటపడ్డాయి. పైన కారు, దాని కింద సైకిలు, చెయ్యి, అన్నిటికంటే అడుగున జాజుతో గీసిన సుత్తి కొడవలి నక్షత్రం. అది నాన్న వాళ్ళు రాసిందే. పని ఆపి నన్ను పిలిచి "గీకాల్నా, ఉంచాల్నా?" అని అడిగాడు. గీకెయ్యమన్నాను, సున్నం పట్టాలంటే గోడ శుభ్రంగా ఉండాలి కదా. తర్వాత రంగు దగ్గర ఇంకో తమాషా. మా ఆవిడ లేత గులాబీ అంది, "వద్దమ్మా, కారు పార్టీల కలిసిన్రంటరు" అన్నాడు. పసుపు, కాషాయం, ఎరుపు, ఏది అన్నా ఒక అడ్డం. చివరికి తెల్ల సున్నమే.

పార్టీలు వేరైతే నష్టం లేదని మాత్రం అనను. 2025 డిసెంబర్ సర్పంచ్ ఎన్నికలకి పార్టీ గుర్తులుండవు, కానీ ఎవరు ఎవరి మనిషో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా వీధి మురికి కాలువ మా ఇంటికి రెండిళ్ళ ముందు ఆగిపోయింది, ఇంతవరకు ముందుకి రాలేదు. కారణం ఎవరూ నోరు విప్పి చెప్పరు. మేస్త్రీ మా వెనక వాకిట్లో ఇంకుడు గుంత తవ్వి కంకర నింపి ప్రస్తుతానికి గట్టెక్కించాడు, దానికి కూలి కూడా తీసుకున్నాడు. ఎన్నికల ముందు మాత్రం మొత్తం బృందం మాయమైంది, ప్రచారం, దావత్‌లు, తర్వాత గెలుపు దావత్. సగం కప్పిన ఇల్లు, మీద టార్పాలిన్. తేదీలకి 5లో 1 వేసింది దానికే.

ఉంటున్నామా అంటే, ఉంటున్నాం. నాకు ఇంటి నుంచే పని, నెట్ పర్వాలేదు, హైదరాబాద్ నూరు కిలోమీటర్ల పైచిలుకు, 65వ నంబరు హైవే ఎక్కితే చాలు. మా ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, పాప చదువు అయ్యేదాకా ఆమె అక్కడా ఇక్కడా. చిన్నాయన కొడుకు వచ్చి గోడ తడిమి చూసి ఎంతయిందని అడిగాడు, చాయ్ తాగి వెళ్ళాడు, అప్పటి రాష్ట్రం గొడవ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే నా మాట అప్పటిదే, వాడిదీ అప్పటిదే. ఊరంతా నాతో ఏకీభవించాక వెళ్దామనుకుంటే ఈలోపు పైకప్పు ఉండదు.

ఈయన్ని పెట్టుకునేవాళ్ళు సున్నం, కరక్కాయ మీరే కొనివ్వండి, చెదల మందు పాత దూలాలకి దగ్గరుండి కొట్టించండి, ఏ ఎన్నికైనా నోటిఫికేషన్ వచ్చిందంటే ఆలోపే పైకప్పు పూర్తి చేయించుకోండి. మాకింకా వంటిల్లు మిగిలింది. ఉగాదికి పాలు పొంగించుకోవచ్చని మాటిచ్చాడు, ఏ ఉగాదో అడిగి ఉండాల్సింది.