సీపీటీతో సమ్మర్ ఇంటర్న్‌షిప్: సుఖం ఎంత, చిక్కు ఎక్కడ?

అమెరికాలో ఎమ్మెస్ చేసే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) విద్యార్థులకు సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ చేయడానికి మామూలు దారి సీపీటీ, అంటే చదువులో భాగంగా పని చేసేందుకు ఇచ్చే అనుమతి. ప్రభుత్వ ఫీజు లేదు, వర్క్ పర్మిట్ కార్డు కోసం ఎదురుచూపుల్లేవు. యూనివర్సిటీ డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి హోదా పత్రం) మీద ఎండార్స్ చేస్తే చాలు.

చిక్కంతా తేదీల దగ్గరే. అనుమతి ఒక్క కంపెనీకే, ఐ-20లో రాసిన రోజులకే. ఒక్కరోజు ముందు పని మొదలుపెట్టినా అనధికార ఉద్యోగం కిందికే వస్తుంది. ప్రాజెక్టు సాగేలా ఉంటే గడువు తీరకముందే పొడిగింపు అడగాలి. మామూలుగా ఒక పూర్తి విద్యాసంవత్సరం చదివాకే అర్హత; అందుకే జనవరిలో చేరినవాళ్లకు మొదటి సమ్మర్ తరచూ చేజారుతుంది. ఫుల్‌టైమ్ సీపీటీ, అంటే వారానికి 20 గంటలకు మించిన పని, 12 నెలలు నిండితే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ (మామూలుగా చదువయ్యాక ఉద్యోగం చేసేందుకు ఇచ్చే అనుమతి) పోయినట్టే. మూడు నెలల సమ్మర్‌కి ఆ భయం అక్కర్లేదు. ఇంటర్న్‌షిప్‌ని కోర్సుగా చూపి క్రెడిట్ తీసుకోమనే యూనివర్సిటీల్లో మాత్రం ఆ ఫీజు జేబుకి చురుక్కుమంటుంది.