చెప్పేది గురువా, శిష్యురాలా?

టీచర్-స్టూడెంట్ ప్రేమను కథగా రాయాలంటే ముందు తేలాల్సింది, ఎవరి వైపు నుంచి చెప్పాలన్నది.

దక్షిణాఫ్రికా రచయిత జె.ఎం. కోట్సీ నవల ‘డిస్‌గ్రేస్’ (1999) ప్రొఫెసర్ పక్కనే నడుస్తుంది. కేప్‌టౌన్‌లో 52 ఏళ్ల లూరీ, అతని స్టూడెంట్ మెలనీ. ఆమె రాయని పరీక్షకు 70 మార్కులు వేసేస్తాడు. పడకగది సన్నివేశాల కంటే ఆ మార్కులే నాకు ఎక్కువ చెప్పాయి. విచారణ కమిటీ ముందు తప్పు ఒప్పుకుంటాడు గానీ పశ్చాత్తాపపడనంటాడు. మెలనీ మనసులో ఏముందో మాత్రం మనకు సరిగ్గా అందదు.

కేట్ ఎలిజబెత్ రస్సెల్ ‘మై డార్క్ వనెస్సా’ (2020)లో మాట పూర్తిగా వనెస్సాదే. తనకు పదిహేనేళ్లు, ఇంగ్లిష్ టీచరుకు 42. పెద్దయ్యాక కూడా దాన్ని ప్రేమే అంటుంది. కాదని ఒప్పుకుంటే ఇన్నేళ్ల బతుకూ చేజారిపోతుందని భయం. చదువుతుంటే ఊపిరాడదు.

నా ఓటు దీనికే. లూరీ మాటకారితనానికి పాఠకుడు పడిపోయే ప్రమాదం ఉంది. (మన సినిమాల్లో లెక్చరర్ వెంటపడే హీరోకు డ్యూయెట్ కూడా ఇస్తారు, అది వేరే గొడవ.)

అయితే వనెస్సా మైనరు. మన పోక్సో చట్టం (2012) లెక్కన 18 ఏళ్లలోపు సమ్మతి అన్నది చెల్లనే చెల్లదు. ఇద్దరూ మేజర్లై, ఒకరి చేతిలో మార్కులుంటే ఏమిటన్న ప్రశ్నకు ‘డిస్‌గ్రేస్’నే తెరవాలి.