2000 వాట్ల స్వేదన ఎలిమెంటు, దాని రెగ్యులేటరు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

నేను ఇక్కడ సమీక్షిస్తున్నది స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగుతో వచ్చే, 230 వోల్టుల వద్ద 2000 వాట్లు అని ముద్రించి ఉన్న, నీటిలో మునిగి పనిచేసే హీటింగ్ ఎలిమెంటును, దానికి జతగా అమ్మే నాబు రెగ్యులేటరును. ఈ రెండింటినీ స్వేదన జలం తయారీకి, గులాబీ రేకులు, నిమ్మగడ్డి, లావెండరు వంటివాటి నుంచి పన్నీరు, సుగంధ తైలం తీయడానికి చాలాకాలంగా వాడుతున్నాను. మద్యం స్వేదనానికి చాలా దేశాల్లో లైసెన్సు కావాలి, పైగా ఆ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. కనుక ఆ జోలికి వెళ్లడం లేదు. తీర్పు ముందే చెప్పేస్తాను. ఎలిమెంటుకు మంచి మార్కులే పడతాయి, రెగ్యులేటరువి మాత్రం అత్తెసరు మార్కులు. పవర్ సరిగ్గా రావడం లేదని అనిపించినప్పుడు అందరూ ముందుగా ఎలిమెంటునే అనుమానిస్తారు గానీ, నేను చూసినంతలో లోపం దానికంటే ముందున్న భాగాల్లోనే దొరికింది.

ఎలిమెంటు మీద ముద్రించిన వాట్లు ఆ పక్కనే ఉన్న వోల్టేజీకి మాత్రమే వర్తిస్తాయి. లోపలి నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమం) తీగ నిరోధం వేడెక్కినా పెద్దగా మారదు కాబట్టి, ప్లగ్గు తీసేసి, ఎలిమెంటు చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటరుతో కొలిచిన ఓములే దాదాపుగా పని సమయంలోనూ ఉంటాయి. వోల్టేజీ వర్గాన్ని ఆ ఓములతో భాగిస్తే వాట్లు వస్తాయి. 230 వోల్టులకు 2000 వాట్లు కావాలంటే నిరోధం సుమారు 26.5 ఓములు ఉండాలి. మీటరు తీగల సొంత నిరోధాన్ని తీసివేశాక నా ఎలిమెంటు 26.8 ఓములు చూపింది, ఇన్నాళ్ల వాడకంలో ఆ అంకె కదలలేదు. అయితే ఇదే ఎలిమెంటుకు 200 వోల్టులే అందితే దాని పవర్ దాదాపు 1500 వాట్లకు దిగిపోతుంది. అంటే వోల్టేజీ 13 శాతం తగ్గితే పవర్ నాలుగో వంతు పోయినట్టే. కొన్న వస్తువు మోసమని తేల్చే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం న్యాయం.

వోల్టేజీని కొలవాల్సింది ఎలిమెంటు పనిచేస్తున్నప్పుడే. ఖాళీ సాకెట్‌లో 230 కనిపించి, లోడు పడగానే ఎలిమెంటు దగ్గర 215కు పడిపోతే, మధ్యలో ఎక్కడో సన్నని తీగో వదులైన బిగింపో ఉందని అర్థం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ ఉన్న 15 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు 8.7 ఆంపియర్ల దగ్గర నాలుగైదు వోల్టులు తినేస్తుంది. దాన్ని చుట్ట విప్పకుండా వాడితే వేడెక్కి ఇంకా ప్రమాదం. నా దగ్గర ఎలిమెంటు టెర్మినల్‌కు బిగించే స్పేడు లగ్గు (తీగ చివర ఉండే చదునైన లోహపు కొన) కొంతకాలానికి నల్లబడి, దాని పక్కనున్న ప్లాస్టిక్ తొడుగు గోధుమ రంగుకు తిరిగింది. అక్కడ అర ఓము అదనపు నిరోధం చేరినా చాలు, పోయే పవర్ 40 వాట్లకు కాస్త తక్కువే గానీ, అదంతా గోరంత లోహంపైనే కేంద్రీకరిస్తుంది. లగ్గును కత్తిరించి, కొత్తది గట్టిగా క్రింప్ చేశాక (తీగ మీద నొక్కి బిగించాక) ఆ సమస్య మళ్లీ రాలేదు. కరెంటు ఉన్న టెర్మినళ్ల దగ్గర మీటరు ముల్లులు పెట్టే అలవాటు లేనివారు ఈ కొలతను ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి. ఎర్తు కనెక్షను, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు లేకుండా నీటిలో మునిగే ఎలిమెంటును వాడనే కూడదు.

మీటర్లు లేనివారికి నీరే మీటరు. 10 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు తీసుకెళ్లడానికి సుమారు 2,093 కిలోజౌళ్ల శక్తి కావాలి. నిజంగా 2000 వాట్లు అందుతుంటే పదిహేడున్నర నిమిషాల్లో ఆ పని పూర్తవుతుంది. పాత్ర గోడలు కూడా వేడెక్కాలి, కొంత వేడి గాలిలోకి పోతుంది కాబట్టి మరో నిమిషమో రెండో కలుపుకోవచ్చు. నాకు మొదట్లో పందొమ్మిది నిమిషాల లోపే అయ్యేది. ఒక దశలో అదే నీటికి నలభై నిమిషాలకు దగ్గరగా పట్టడం మొదలైంది, నాబు మాత్రం చివరిదాకా తిప్పే ఉంది.

ఇక్కడి నుంచి సంగతంతా రెగ్యులేటరుదే. ఇది ట్రయాక్‌తో, అంటే ఏసీ కరెంటును రెండు దిశల్లోనూ దాటనిచ్చే ఎలక్ట్రానిక్ స్విచ్చుతో, పనిచేసే రకం. అది ప్రతి అర్ధ తరంగంలో కొంత భాగాన్ని కత్తిరించి మిగిలినదే ఎలిమెంటుకు పంపుతుంది. ఇలా కత్తిరించిన తరంగాన్ని చవక మల్టీమీటరు సరిగ్గా చదవలేదు, ఎందుకంటే అది సగటును కొలిచి, పూర్తి సైన్ తరంగమని అనుకుని అంకె చూపిస్తుంది. సరిగ్గా సగం పవర్ దగ్గర ఎలిమెంటుకు నిజంగా అందేది 163 వోల్టులైతే అలాంటి మీటరు 115 చూపిస్తుంది. దాన్ని నమ్మి లెక్క కడితే 1000 వాట్లకు బదులు 500 వాట్లని తేలుతుంది. తరంగం ఆకారం ఎలా ఉన్నా అసలు విలువను కొలిచే, ట్రూ ఆర్ఎంఎస్ అని రాసి ఉన్న మీటరే ఇక్కడ పనికొస్తుంది. ఇంకో చిక్కు, ఎలిమెంటు తగిలించకుండా రెగ్యులేటరు అవుట్‌పుట్‌ను కొలిస్తే నాబు సున్నా దగ్గర ఉన్నా దాదాపు పూర్తి వోల్టేజీ కనిపించవచ్చు. ట్రయాక్‌కు రక్షణగా పెట్టిన కెపాసిటర్ గుండా కారే కొద్దిపాటి కరెంటే దానికి కారణం తప్ప, ట్రయాక్ పోయిందని కాదు.

నలభై నిమిషాల సమస్యకు జవాబు నేను ఊహించని చోట దొరికింది. ఎలిమెంటును రెగ్యులేటరు లేకుండా, తగిన స్విచ్చు ద్వారా నేరుగా కలిపితే పాత వేగం తిరిగొచ్చింది కాబట్టి దోషం రెగ్యులేటరుదేనని అప్పటికే తేలిపోయింది. తిరిగి దాన్ని కలిపి, ఎలిమెంటు చివరల మధ్య మీటరును డీసీ రేంజిలో పెట్టి చూస్తే సుమారు 100 వోల్టులు కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్న ఏసీ రెగ్యులేటరు అవుట్‌పుట్‌లో డీసీ దాదాపు సున్నా ఉండాలి. తరంగంలో ఒక వైపు అర్ధభాగం మాత్రమే దాటుతుంటే, 230 వోల్టుల సరఫరాకు సగటున 103 వోల్టుల డీసీ మిగులుతుంది, పవర్ సరిగ్గా సగానికి పడిపోతుంది. ట్రయాక్ ఒక దిశలో పనిచేయడం మానేసిందన్నమాట. పెట్టె విప్పితే హీట్ సింక్‌కూ (వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మకూ) ట్రయాక్‌కూ మధ్య వేడి దాటేందుకు పూసిన థర్మల్ పేస్టు ఎండి పొడిగా రాలింది. 8.7 ఆంపియర్ల దగ్గర ట్రయాక్‌లో పుట్టే వేడి 10 వాట్ల వరకు ఉంటుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే అది ఎక్కువకాలం బతకదు. అంతకంటే పెద్ద కరెంటుకు తట్టుకునే ట్రయాక్ వేయించి, పేస్టు మార్పించి, పెట్టె గోడకు గాలి రంధ్రాలు పెట్టించాను. ఈ పని తయారీదారే చేసి ఉండాల్సింది.

నాబు తీరు మరమ్మతు తర్వాతా మారలేదు, మారదు కూడా. ఒక్కో అర్ధ తరంగాన్ని 180 డిగ్రీలుగా లెక్కిస్తే, మొదటి 60 డిగ్రీలను కత్తిరించినప్పుడు 80 శాతం పవర్ వస్తుంది, 90 దగ్గర 50 శాతం, 120 దగ్గర 20 శాతం. అంటే మధ్య భాగంలో నాబును వెంట్రుకవాసి కదిపినా ఆవిరి ఎగసిపడుతుంది, రెండు చివరల్లో ఎంత తిప్పినా ఏమీ జరగనట్టే ఉంటుంది. పన్నీరు తీసేటప్పుడు ఇది చాలా చిరాకు పెడుతుంది, ఎందుకంటే పూలకు కావాల్సింది ఆ మధ్య భాగపు నెమ్మది సెగే. నాబు పక్కన పెన్సిలుతో గీతలు పెట్టుకుని నెట్టుకొస్తున్నాను.

ఎలిమెంటు విషయానికొస్తే, దాని మీద పేరుకునే సున్నపు గార వల్ల పవర్ తగ్గుతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. నిరోధం మారలేదు కాబట్టి అది తీసుకునే కరెంటూ మారదు, ఆ వేడి చివరికి నీటిలోకే చేరుతుంది. మారేది తొడుగు ఉష్ణోగ్రత. గార అడ్డుపడినకొద్దీ లోపలి తీగ మరింత వేడెక్కి, ఏదో ఒకరోజు కాలిపోతుంది. సిట్రిక్ యాసిడ్ కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెడితే గార రేకులుగా ఊడొస్తుంది. ఇది తక్కువ వాట్ సాంద్రత ఉన్న రకం, అంటే అదే పవర్‌ను పొడవైన మడతల గొట్టం మీద పరిచినది కావడం వల్ల నీటిలో తేలే పూరేకులు దానికి తగిలినా మాడిన వాసన రాలేదు. అయినా పూలను జల్లెడ పళ్లెం మీద నీటికి పైన ఉంచడమే మేలు. చాలా నెలలు పక్కన పడేసి తీస్తే మాత్రం బ్రేకరు పడిపోయింది, ఎందుకంటే తొడుగులోని మెగ్నీషియం ఆక్సైడు పొడి తేమను పీల్చి, కరెంటును ఎర్తుకు కారనిస్తుంది. రబ్బరు వాషరు తీసేసి, ఓవెన్‌లో నూరు డిగ్రీలకు కాస్త పైన కొన్ని గంటలు ఆరబెట్టాక మామూలుగా పనిచేసింది.

పవర్ పూర్తిగా తిరిగొచ్చాక ఒక మాట గుర్తుంచుకోవాలి. 2000 వాట్లకు గంటకు గరిష్ఠంగా 3.2 లీటర్ల నీరు ఆవిరవుతుంది, దాన్ని మళ్లీ నీరు చేయాలంటే, కూలింగ్ నీరు 30 డిగ్రీలు వేడెక్కే లెక్కన, కండెన్సరులో (ఆవిరిని చల్లబరిచే గొట్టంలో) నిమిషానికి సుమారు ఒక లీటరు పారాలి. సగం పవర్‌కు అలవాటుపడిన కుళాయి తిప్పుడుతోనే పూర్తి పవర్ పెడితే గొట్టం చివర నుంచి ఆవిరి బుసకొడుతుంది.