షో అండ్ టెల్‌కు ఏటికొప్పాక లక్కపిడతలు ఎలా పనికొస్తాయి?

బళ్లో 'షో అండ్ టెల్' (ఇంటి నుంచి ఓ వస్తువు తెచ్చి, చూపిస్తూ దాని గురించి చెప్పడం) ఉందనగానే చాలామంది పెద్ద టెడ్డీనో, రిమోట్ కారునో ఇచ్చి పంపుతారు. పిల్ల "ఇది నా టెడ్డీ" అని ఆగిపోతుంది. దాంతో చేసి చూపడానికి పెద్దగా ఏమీ ఉండదు మరి. చేతికి పని దొరికితే మాట దానంతటదే వస్తుంది. అందుకే నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు లక్కపిడతల సెట్టు మంచి ఎంపిక అంటాం. పొయ్యి మీద కుండ పెట్టాలి, మూత తీయాలి, గరిటెతో కలపాలి, వడ్డించాలి. ఒక్కో పనికీ ఒక్కో వాక్యం. అయితే పిల్లకు టెడ్డీయే ప్రాణమైతే అదే పంపండి, కింది పద్ధతి దానికీ పనికొస్తుంది.

సెట్టంతా పంపకండి, మూడు ముక్కలు చాలు. ఎక్కువైతే సర్దడంతోనే సమయం అయిపోతుంది, వినేవాళ్లు కదలడం మొదలుపెడతారు. రెండు మూడు రోజుల ముందు నుంచి ఇంట్లో ఆడిస్తూ "ఇప్పుడేం చేస్తున్నావు?", "ఎవరికి పెడతావు?" అని అడగండి. "ఇదేం రంగు?" అంటే ఒక్క మాటతో సరి. అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టేదాకా ఆగండి, జవాబు అందించకండి. రాసిచ్చి బట్టీ పట్టించడం అసలు వద్దు: ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది.

టీచర్లు ముందు ఒక్క స్నేహితుడి ఎదుట, తర్వాత నలుగురైదుగురి మధ్య కూర్చోబెట్టి మాట్లాడించాలి, క్లాసంతా ఆ తర్వాతే. రెండు నిమిషాలు దాటక్కర్లేదు. బొమ్మను మధ్యలో అందరికీ తిప్పితే పిల్ల కళ్లు దాని వెంటే పోతాయి, మాట తెగుతుంది. నోరు విప్పకపోతే చూపించినా చాలు. "దీనికి సిగ్గెక్కువ" అని మాత్రం పిల్ల ముందు అనకండి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, బడిలో చేరిన మొదటి నెల గడిచాక కూడా నెలకు పైగా అక్కడ పెదవి విప్పకపోతే పిల్లల సైకాలజిస్టును కలవండి.

ఇక నాణ్యత. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అద్దుతారు, రాపిడి వేడికి అది కరిగి కర్రకు పడుతుంది. 2017లో ఈ బొమ్మలకు, ఆ ఊరి ప్రత్యేకతగా, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ నునుపు పిల్లల చేతికి ఎంతో హాయి. లోపాలూ ఉన్నాయి. శానిటైజర్‌తో తుడిస్తే అందులోని ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మెత్తబడుతుంది. నీళ్లలో నానబెట్టకండి, పొడి గుడ్డ చాలు. చిన్న ముక్కలు గొంతుకు అడ్డం పడొచ్చు, మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో అందకుండా దాచాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షి ఎంపోరియాల్లో దొరుకుతాయి. బయట కొంటే వాసన చూడండి: ఘాటైన పెయింటు వాసన వస్తే వదిలేయండి. ప్రతి మూతా తీసి పెట్టి చూడండి. బిగుసుకుపోయే మూతైతే పిల్ల అందరి ముందూ దాంతోనే తంటాలు పడుతూ చెప్పాల్సింది మరిచిపోతుంది.