ఒక్క దీవిలో మిగిలిన పిట్ట: అడవి పెంచాలా, దీవి మార్చాలా, గుడ్లు తీయాలా?

ఒకే చిన్న దీవిలో మిగిలిన పాటల పిట్టను నిలబెట్టడానికి మూడు దారులున్నాయి: ఉన్నచోట అడవి పెంచడం, కొన్నింటిని మరో దీవికి చేర్చడం, గుడ్లు తీసి వేరే పిట్టల గూళ్లలో పెంచడం. మొదటిది చేయకుండా రెండోదానికి దిగితే శ్రమ దండగ. మూడోది గత్యంతరం లేనప్పుడే.

హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల చిన్న పిట్ట సీషెల్స్ వార్బ్లర్ 1968 నాటికి కజిన్ దీవిలోనే మిగిలింది. దీవి 29 హెక్టార్లు, పిట్టలు ముప్పై లోపే, చుట్టూ కొబ్బరితోట. ఈ పిట్ట ఆకుల అడుగున పురుగులు ఏరుకుని బతుకుతుంది, అంటే దానికి వెడల్పాటి ఆకుల చెట్లు కావాలి. ఆ ఏడాది దీవిని పక్షుల సంరక్షణ కోసం కొన్నారు. కొబ్బరి తగ్గించి, పిసోనియా వంటి స్థానిక చెట్లను పెరగనిచ్చారు. 1980ల కల్లా పిట్టల సంఖ్య మూడు వందలు దాటి అక్కడే ఆగింది. ఎదిగిన పిల్లలకు జాగా దొరక్క, తల్లిదండ్రుల దగ్గరే ఉండి తర్వాతి పిల్లలకు మేత పెడుతుంటాయి. మైలు దూరంలోని పక్క దీవికైనా దాదాపు ఎగిరిపోవు.

దీవి మార్చడం అప్పుడు పనికొచ్చింది. 1988లో 29 పిట్టలను అరీడ్ దీవికి, 1990లో మరో 29ని కుజిన్ అనే పక్క దీవికి, 2004లో 58ని డెనిస్‌కు, 2011లో 59ని ఫ్రెగేట్‌కు చేర్చారు. ఖాళీ అయిన జాగాల్లోకి కాచుకున్న పిట్టలు వెంటనే దిగాయి కాబట్టి కజిన్‌కు లోటు రాలేదు. మేత పుష్కలంగా ఉన్న అరీడ్‌లో ఏడాది పొడవునా గూళ్లు పెట్టాయి. చేర్చే దీవిలో ఎలుకలు, పిల్లులు మాత్రం ఉండకూడదు.

తొందరపడితే ఏమవుతుందో న్యూజిలాండ్ వారి చాథమ్ దీవుల్లోని బ్లాక్ రాబిన్ అనే చిన్న నల్ల పిట్ట చూపింది. లిటిల్ మాంగెరే దీవిలో అడవి పాడైపోతుంటే 1976లో మిగిలిన ఏడింటిని పక్కనున్న మాంగెరే దీవికి తరలించడం మొదలుపెట్టారు. వేరే దారి లేదు నిజమే, కానీ అక్కడ నాటిస్తున్న 1,20,000 మొక్కలు అడవి కావడానికి ఏళ్లు పట్టేవి. 1980 నాటికి ఐదు పిట్టలే, గుడ్లు ఫలించే ఆడది ఒక్కటే.

అప్పుడే గుడ్ల పద్ధతి. మొదటి ఈత గుడ్లు తీసేస్తే తల్లి మళ్లీ పెడుతుంది. తీసినవి మొదట అక్కడి వార్బ్లర్ల (ఇవి సీషెల్స్ పిట్టలు కావు, చాథమ్ దీవుల వేరే జాతి) కింద పెట్టారు. అవి పిల్లలకు చాలినంత మేత తేలేకపోయాయి. సముద్రం దాటించి రంగటీరా దీవిలోని టామ్‌టిట్ అనే మరో చిన్న పిట్ట గూళ్లలో పెడితే పిల్లలు బాగా పెరిగాయి. కానీ తాము టామ్‌టిట్లమే అనుకుని వాటితోనే జతకట్టబోయాయి. అందుకే ఎగరకముందే రాబిన్ గూటికి తిరిగి చేర్చాల్సి వచ్చింది.

అసలు చిక్కు తర్వాత బయటపడింది. కొన్ని ఆడపిట్టలు గుడ్డును గూటి అంచు మీద పెట్టేవి. అక్కడ పొదిగే వేడి అందదు, గుడ్డు చస్తుంది. సిబ్బంది వేలితో లోపలికి నెట్టేవారు. ఆ లక్షణం వారసత్వంగా వచ్చేదే. 1989కల్లా సగానికి పైగా ఆడపిట్టలు అంచున పెట్టసాగాయి. నెట్టడం మానేశాక 2011 నాటికి అది 9 శాతానికి దిగింది.