25 సెంటీమీటర్ల ఉప్పునీటి అక్వేరియం క్యూబ్ కిట్: వరంగల్ ఎండకు తట్టుకుంటుందా?

గాజు తొట్టి, వెనక తగిలించే ఫిల్టర్, ఎల్ఈడీ లైటు, నీటిలో ఉప్పు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ కలిపి ఇస్తున్న కిట్ ఇది. గాజు, అతుకులు బాగున్నాయి. హైడ్రోమీటర్‌ను మాత్రం నమ్మొద్దు. సూదికి గాలిబుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది. అదే కొలతను కాంతి వంపుతో చూపే రిఫ్రాక్టోమీటర్ విడిగా కొనాల్సిందే.

రాళ్లు పోగా పట్టేది 12 లీటర్లు. లీటరుకు 35–38 గ్రాముల రీఫ్ సాల్ట్‌ను (కోరల్స్ కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం) బకెట్‌లో కలిపి, రాత్రంతా తిప్పి, సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర ఉన్నప్పుడు తొట్టిలో పోయాలి. బోరునీళ్లు అసలు వద్దు. ఇంటి ఆర్వో నీళ్లలోనూ మినరల్స్ కలుస్తాయి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) సున్నాకు దగ్గరగా ఉండాలి. కిలోన్నర లైవ్ రాక్ (మంచి బ్యాక్టీరియా ఉండే సముద్రపు రాయి) పెట్టి, విషాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా అయ్యేదాకా, అంటే నాలుగైదు వారాలు, ఏమీ వేయకండి. తర్వాత మష్రూమ్, జోయాంథిడ్ లాంటి మొండి కోరల్స్ (పగడపు జీవులు) చాలు. చేప వద్దు, ఇంత కొద్ది నీళ్లలో అది హింసే. వారానికి లీటరున్నర నీళ్లు మార్చాలి.

అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో. అర లీటరు ఆవిరైతే లీటరుకు 35 గ్రాముల ఉప్పు 36.5 అవుతుంది. ఆ లోటు రోజూ ఉప్పు కలపని, టీడీఎస్ సున్నాకు దగ్గరున్న నీళ్లతోనే పూడ్చాలి, ఉప్పునీళ్లతో కాదు. చిన్న ఫ్యాను రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది, అంతే. గది 36 దాటితే ఏసీయో, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో తప్పదు. నీళ్లు 30 మీద నిలిస్తే కోరల్స్ తెల్లబడతాయి. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్‌పంప్ దగ్గరుండాలి.

హన్మకొండ నుంచి కాజీపేటకు ఇల్లు మారినా దీన్ని ఒక్కరే మోయొచ్చు. ముందుగా 9 లీటర్లు శుభ్రమైన క్యాన్లలోకి తోడాలి. రాళ్లను ఎపాక్సీ జిగురుతో అతికించకపోతే కుదుపుకు దొర్లి గాజు పగులుతుంది.