ఇంట్లో సైడర్‌కి కెగరేటర్: ఏడాది వాడాక చెప్తున్నాను

మేం సియాటిల్ దగ్గర ఉంటాం. అమెరికాలో యాపిల్ అన్నిటికన్నా ఎక్కువ పండేది ఈ వాషింగ్టన్ రాష్ట్రంలోనే, అందుకే శరదృతువులో తాజాగా పిండిన రసం గ్యాలన్ల లెక్కన దొరుకుతుంది. అది తెచ్చి, ఈస్ట్ వేసి, సైడర్ చేసుకోవడం మూడేళ్లుగా అలవాటు. యాపిల్ రసాన్ని కూడా ఇక్కడ సైడరే అంటారు, నేను చెప్పేది పులిసినదాని గురించి. ప్రతిసారీ ఓ యాభై సీసాలు కడిగి, నింపి, మూతలు బిగించే పని ఇక నా వల్ల కాక పోయినేడాది ఒక ట్యాప్ ఉన్న కెగరేటర్ కొన్నాను, అంటే సైడర్ నింపిన కెగ్‌ని (స్టీలు పీపాని) లోపల చల్లగా ఉంచి, గ్యాస్ ప్రెషర్‌తో ట్యాప్ నుంచి పోసే ఫ్రిజ్. కంపెనీ పేరు రాయడం లేదు.

ఫ్రిజ్ వరకు వంక పెట్టడానికేం లేదు. 5 గ్యాలన్ల కెగ్, అంటే 19 లీటర్లు, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్‌తో సహా లోపల హాయిగా పడుతుంది, చప్పుడు లేదు, 3 డిగ్రీలు పెడితే అక్కడే ఉంటుంది.

అసలు సమస్య ట్యాప్‌తో వచ్చింది. మొదటి వారం సైడర్ బాగుంది, తర్వాత ప్రతి రోజూ మొదటి గ్లాసులో ఏదో ఇనుప రుచి, నాలుక మీద పాత నాణెం పెట్టుకున్నట్టు. ఈస్ట్ తప్పా, రసం తప్పా అని నెల రోజులు టెన్షన్ పడి, చివరికి ట్యాప్ ఊడదీసి చూస్తే లోపల క్రోమ్ పూత లేచిపోయి, కింద ఇత్తడికి పచ్చగా కిలుము పట్టి ఉంది. మా అమ్మమ్మ కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాయనిచ్చేది కాదు, కిలుమెక్కుతుంది అనేది. ఇదీ అంతే కదా! సైడర్ పులుపు బీరు కన్నా ఎక్కువ, రాత్రంతా ఆ ఇత్తడిలో నిలవుంటే లోహం దిగకుండా ఎలా ఉంటుంది? బీరు కోసం చేసిన ట్యాప్ ఇది, పెట్టె మీద మాత్రం సైడర్‌కి కూడా పనికొస్తుందని రాశారు, అది నాకు బాగా కోపం తెప్పించింది. ట్యాప్, దాని వెనక గొట్టం రెండూ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించాను, దాదాపు వంద డాలర్లయింది. మర్నాటి నుంచి ఆ రుచి మళ్లీ రాలేదు.

ఇంకోటి, గ్యాస్. కొత్త సిలిండర్ రెండు రోజుల్లో ఖాళీ అయిపోయింది. రెగ్యులేటర్ దగ్గర వాషర్ సరిగ్గా కూర్చోలేదు. సబ్బు నీళ్లు రాస్తే అక్కడ ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బిగించిన రోజే ప్రతి జాయింటుకీ సబ్బు నీళ్లు రాసి చూడండి, డబ్బు కోసమే కాదు, మూసిన చిన్న గదిలో కార్బన్ డయాక్సైడ్ నిండితే ప్రమాదం కూడా.

నురగ సంగతి: కెగ్ నుంచి ట్యాప్‌కి వెళ్లే పైపు వాళ్లిచ్చింది 5 అడుగులు, గ్లాసులో సగం నురగే. 10 అడుగులది మార్చి, గ్యాస్ ప్రెషర్ 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 12 పౌండ్లు) దగ్గర పది రోజులు వదిలేశాను. గ్యాస్ నెమ్మదిగా పట్టి సన్న బుడగలతో దిగుతోంది. తొందరపడి ప్రెషర్ పెంచకండి.

రుచి కొంచెం తియ్యగా కావాలనుకునేవాళ్లకి కెగ్గే మేలు అనిపించింది. సీసాలో తీపి మిగిలితే ఈస్ట్ దాన్ని తిని గ్యాస్ చేసి సీసా పగిలే భయం ఉంటుంది. కెగ్ చల్లగా ఉన్నంత కాలం ఈస్ట్ దాదాపు నిద్రలోనే ఉంటుంది, ఒకవేళ ప్రెషర్ పెరిగినా వాల్వ్ లాగి వదిలేయొచ్చు. వేసవిలో నాన్నగారు వచ్చినప్పుడు అలాంటి బ్యాచే ట్యాప్ మీద ఉంది. ఓ గుక్క తాగి, "పొద్దున్నే దించిన ఈతకల్లులా చిటపటలాడుతోందిరా, దీన్నిలాగే ఉంచు" అన్నారు. నాకు అంతకు మించిన సర్టిఫికెట్ అక్కర్లేదు.

రెండు వారాలకోసారి పైపులు కడగాలి, అరగంట పని. బద్ధకిస్తే వెనిగర్ వాసన మొదలవుతుంది. దాన్ని వదిలించడం కన్నా పైపు మార్చడమే నయం.

కొనొచ్చా అంటే కొనొచ్చు, ఏటా మూడు నాలుగు కెగ్గులు చేసేవాళ్లయితే తప్పకుండా. కానీ డబ్బు కట్టే ముందు ట్యాపూ, దాని వెనక గొట్టమూ ఏ లోహంతో చేశారో అడగండి. "స్టీల్ ఫినిష్" అన్నారంటే అది స్టీలు కాదు, పైన పూత.